ఒకే ఇంటి రెండు తాళంచెవులు

పాస్టర్ ఎజ్రా ఏ పాటలోనూ ఒక్క చరణం వదిలిపెట్టే మనిషి కాదు. పెళ్ళికైనా అంతే, సమాధికైనా అంతే. ఎంకపల్లి సమాధుల తోటలో ప్రేమదాసు పెట్టెను తాళ్ళ మీద గుంతలోకి దించుతున్నప్పుడు ఆయన మూడో చరణంలో ఉన్నాడు. మిగతావి కూడా వస్తాయని సంఘమంతటికీ తెలుసు. అందరూ బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చుకున్నారు.

లిదియా గుంత తలవైపు నిలబడింది. తండ్రి పెట్టె కొంచెం వంకరగా దిగుతోంది. కాళ్ళవైపు తాడు పట్టినవాళ్ళు కుర్రవాళ్ళు, తలవైపు వాళ్ళకు మోకాళ్ళ నొప్పులు.

"జర నిదానం, అన్నా," అన్నాడు తమ్ముడు వరప్రసాద్, తాడు వదులు చేస్తూ.

ఎవరి దగ్గరా ఫోను లేదు. పోయిన వానాకాలం ఎవరో ముసలమ్మను ఇలాగే దించుతుంటే ఒకాయన జేబులో ఫోను మంచి ఊపున్న సినిమా పాట అందుకుంది. ఆ ముసలమ్మ బతికుంటే నవ్వేదే. సంఘ పెద్దలు మాత్రం నవ్వలేదు. అప్పటినుంచీ శవం ఇంటినుంచి లేవగానే అందరి ఫోన్లూ కానుకల సంచిలోకి వెళతాయి, సంచి చర్చి గదిలో మేకుకు వేలాడుతుంది, గదికి తాళం పడుతుంది. అక్కాతమ్ముళ్ళ ఫోన్లు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి.

అప్పుడు గేటు దగ్గర పసుపు హెల్మెట్ కనిపించింది.

పూర్ణిమ. లిదియా, వరప్రసాద్ పనిచేసే ఆఫీసులో అందరికన్నా కొత్తగా చేరిన అమ్మాయి. పొద్దున ఓనరు రంజిత్‌తో కలిసి పూలదండ పట్టుకొని ఇంటికి వచ్చింది, లిదియా చేయి పట్టుకొని ఏమనాలో తెలియక "అక్కా, నీళ్ళు తాగిన్రా?" అని అడిగి, మళ్ళీ అజీజ్‌నగర్ ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చోవాలి కదా. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంతదూరం బండేసుకొని, హెల్మెట్ తీయడం కూడా మరిచి గేటులోకి పరుగున వస్తోందంటే కారణం ఒక్కటే.

ముంబై పడిపోయింది.

పూర్ణిమ నాలుగడుగులు లోపలికి వేసింది. లిదియా ఆమె కళ్ళలోకి చూసింది. పాస్టరుగారు పాట ఆపి "మట్టి" అన్నారు. మొదటి పిడికిలి బిడ్డలది. లిదియా ఎడమచేతిలో అప్పటికే ఎర్రమట్టి ఉంది. కుడిచేయి, తను చెప్పకుండానే లేచింది. అరచేయి పూర్ణిమవైపు. ఆగు.

పూర్ణిమ ఆగిపోయింది.

లిదియా వంగి మట్టి వేసింది. అది పెట్టె మీద పడిన చప్పుడు ఆమెకు వినబడలేదు.

*

రంజిత్ కంపెనీ చిన్నదే, చేసే పని మాత్రం చిన్నది కాదు. చేవెళ్ళ, శంకర్‌పల్లి, ఇంకా చుట్టుపక్కల డయాలసిస్ సెంటర్లలో ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, వాళ్ళ ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఎవరికి ఏ మందు పడదు, ఈ వివరాలన్నీ వీళ్ళ డేటాబేస్‌లో ఉంటాయి. సెంటర్లలో ఆ వివరాలు తెరమీద చూసి మిషన్ నడుపుతారు. వెనకటికి గోడకు కాగితాలుండేవి. "ఇగ పేపర్‌లెస్" అని రంజిత్ ప్రకటించిన రోజున వాటిని పీకేశారు, ఫోటో కూడా దిగారు.

డేటాబేస్ ముంబైలో, ఒక పెద్ద కంపెనీ కిరాయికిచ్చే కంప్యూటర్లలో ఉంటుంది. ఆ కంపెనీ దానికి మబ్బు అని పేరు పెట్టి, నమ్మకం ఉంచమంది. లిదియా ఉంచలేదు. రంజిత్ వెంటపడి, విసిగించి, చివరికి హైదరాబాద్‌లో దానికొక జోడీ పెట్టించింది. ముంబైలో ఏం రాస్తే అది వెంటనే హైదరాబాద్‌లోనూ పడుతుంది. ముంబై మూలబడితే హైదరాబాద్ లేచి పని అందుకోవాలి.

మొదట్లో అది తనంతట తానే లేచేది. ఒకసారి మధ్యలో లైను కాసేపు తెగేసరికి, ముంబై చచ్చిందనుకొని హైదరాబాద్ లేచింది. ముంబై చావలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దకోడళ్ళలా రెండూ అసలు నేనంటే నేనని, సగంమంది లెక్క ఒకటి, సగంమందిది ఇంకొకటి రాసుకున్నాయి. వాటిని కలిపి కుట్టేసరికి లిదియా కళ్ళు వాచాయి. అప్పుడు నియమం పెట్టారు. యంత్రం తనంతట తాను మారకూడదు. ఇద్దరు మనుషులు ఒప్పుకోవాలి. ఇద్దరి ఫోన్లకూ రెండు కోడ్‌లు వస్తాయి, రెండూ పడితేనే మారుతుంది.

ఆ ఇద్దరూ లిదియా, వరప్రసాద్.

"అక్క, అన్న ఇద్దరిదీ ఒక్క ఇల్లే గద సార్?" అని పూర్ణిమ ఆ మీటింగ్‌లో అడిగింది. చేరిన కొత్త, అడగకూడదని తెలియదు.

"ఒక్క ఇల్లయితే ఇంకా మంచిది. లొల్లి పెట్టుకోరు," అన్నాడు రంజిత్. అందరూ నవ్వారు. లిదియా కూడా నవ్వింది. తమ్ముడి ఉద్యోగం గట్టిపడుతుందని ఆమెకు లోపల సంతోషంగానే ఉండింది.

నెలనెలా పరీక్ష పెట్టుకునేవాళ్ళు. ముంబైని కావాలనే ఆపి, కోడ్‌లు వేసి, హైదరాబాద్‌ను లేపేవాళ్ళు. ప్రతిసారీ నెగ్గేవాళ్ళు. పరీక్ష రోజున ఎవరూ చావరు కదా.

ప్రేమదాసు పోయాడని తెలిసినప్పుడు రంజిత్ నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "ఎన్ని రోజులైనా తీసుకో అక్కా, ఏం ఫికర్ చెయ్యకు," అన్నాడు. అందరికీ దుఃఖం గుర్తుంది. తాళంచెవులు ఎవరికీ గుర్తుకు రాలేదు.

మిగిలిన మట్టి పడింది, మిగిలిన చరణాలూ అయ్యాయి, ముగింపు ప్రార్థనలో పాస్టరుగారు ప్రేమదాసు మంచితనం పక్కన సంఘ భవనం పైకప్పు సంగతి కూడా దేవుడికి విన్నవించారు. అంతసేపూ పూర్ణిమ కదల్లేదు. చర్చి గది తాళం తీయించి, సంచి కుమ్మరించి, ఫోన్ల కుప్పలో తమవి ఏరుకొని, అక్కాతమ్ముళ్ళు చర్చి గోడ పక్కన నిలబడి కోడ్‌లు వేశారు. గోళ్ళలో మట్టి. అరనిమిషం పని. హైదరాబాద్ లేచింది.

ఫోను తెరమీద చేవెళ్ళ సెంటర్ కుర్చీలు వరసగా తెరుచుకున్నాయి. మూడో కుర్చీ, ప్రేమదాసు. నాలుగో కుర్చీ, మారయ్య. తండ్రి పోయిన సంగతి ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదు. బుధవారం మిషనుకు ఆయన పేరు ఇంకా ఉంది.

"అక్కా," అంది పూర్ణిమ అప్పుడు. హెల్మెట్ ఇంకా తలమీదే ఉంది. "చేవెళ్ళ సెంటర్ నుంచి ఆశక్క ఫోన్ చేసింది. మారయ్య తాతకు బాగలేదట."

*

మారయ్య మంగళవారం తెల్లారి పోయాడు.

సోమవారం ఆయన మిషన్ రోజు. మధ్యలో ఆదివారం పడడంతో నీరు బాగా పట్టి వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే తెర తెల్లబడింది. అక్కడ మిషన్ నడిపే ఆశా ఎదురుచూసింది, లిదియాకు ఫోన్ చేసింది, వరప్రసాద్‌కు చేసింది. ఎంత నీరు తీయాలో తెలియకుండా సూది గుచ్చడానికి ఆమెకు చేతులు రాలేదు. తక్కువ తీస్తే ఊపిరాడదు, ఎక్కువ తీస్తే గుండె ఆగుతుంది. "తాతా, నీకెంత తీస్తరో ఎరికేనా?" అని ఆయన్నే అడిగింది. "తీసేటోళ్ళకు ఎరిక ఉండాలె గాని ఇచ్చేటోనికి ఏమెరిక బిడ్డా," అన్నాడట. కాసేపటికి ఊపిరాడక ఎగపోత మొదలైంది. అంబులెన్స్ ఎక్కించారు. బీజాపూర్ రోడ్డు మీద పెళ్ళి బస్సులు. పెద్ద దవాఖానకు చేరాడు కానీ తిరిగి రాలేదు.

లిదియా బుధవారం పొద్దున చేవెళ్ళ వెళ్ళింది. తమ్ముడు వద్దన్నాడు. "మన ఇంట్ల చావున్నప్పుడు ఇంకో చావింటికి పోతరా?" అన్నాడు. అయినా వెళ్ళింది.

మారయ్య భార్య కౌసల్యమ్మ వాకిట్లో గోడకానుకొని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు. లిదియాను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"మీ ఇంట్ల మట్టి ఆరలే. ఎందుకొచ్చినవ్ బిడ్డా?"

లిదియా వస్తూ దారి పొడవునా కూర్చుకున్న వాక్యం ఒకటుంది. నేను చేయి ఎత్తాను, ఆగమన్నాను. నోట్లోనే ఉంది.

"సోమారం నాడు మీ బాపు మట్టికి వస్త అన్నడు," అంది కౌసల్యమ్మ. "నీ మిషన్ ఎవలు చేయించుకుంటరయ్యా అని నేనే తోలిన. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలే, నడుమ ఫ్యాన్ కాడ పోయినప్పుడల్లా కొట్లాటే గద. నీ దిక్కే తిప్పుకుంటవ్ అని ఈయన, నీ దిక్కే తిప్పుకుంటవ్ అని ఆయన. బయటెల్లేటప్పుడు అన్నడు, ఇగ ఫ్యాను నాదే అని. అని ఏడ్చిండు. ముసలోడు ఏడుస్తే మంచిగుండదు బిడ్డా, చూడలేం."

"కౌసల్యమ్మా..."

"ఆ పిల్ల ఎవలో ఆఫీసుల, టైముకు చెప్పలేదట గద. మీ సారు వచ్చి చెప్పిండు. తీసేసిన్రట. పాపం ఎందుకు తీసుడు? చిన్న పిల్లేమో. ఈయన లేచొస్తడా?"

లిదియా లేచి నిలబడింది. కూర్చున్నది ఎంతసేపో ఆమెకే తెలియదు. కౌసల్యమ్మ అప్పటికే ఇంకెవరో వస్తున్నారని వీధివైపు చూస్తోంది. ఒక చావింట్లో ఒకరికే ఎక్కువసేపు చోటుండదు.

*

అజీజ్‌నగర్ ఫాంహౌస్‌లో కింద అంతస్తు ఆఫీసు, పైది పుట్టినరోజులకు కిరాయి. గురువారం పొద్దున్నే మెట్ల మీద పగిలిన బెలూన్లు ఊడుస్తున్నారు. రంజిత్ లేచి వచ్చి కుర్చీ లాగాడు. అతను లిదియాను అక్కా అంటాడు, లిదియా అతన్ని సార్ అంటుంది. ఆ బంధుత్వం అంతవరకే.

"ఇయ్యాల ఎందుకొచ్చినవ్ అక్కా? రిపోర్ట్ నేను చూసుకుంట అన్న గద."

"పూర్ణిమను తీసేసిన్రట."

"సెంటర్లోళ్ళు గరం గరం ఉన్నరు. ముంబై పడ్డదంటే, మరి జోడీ ఉన్నదన్నరు గదా అంటరు. ఎవరో ఒకరి పేరు చెప్పాలె. ఆమె టైముకు వచ్చి చెప్పలే. గేటు కాడ నిలబడ్డదట, వాచ్‌మన్ లెక్క."

"నేను నిలబెట్టిన సార్."

రంజిత్ తల తిప్పాడు.

"వచ్చింది. లోపటికి వచ్చింది. నేనే చేయెత్తి ఆగమన్న. ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. తెలిసే ఆగమన్న."

"ఎవరు చూసిన్రు?"

"నేను చూసిన."

అతను కాసేపు టేబుల్ మీద పెన్ను దొర్లించాడు. చెడ్డవాడేమీ కాదు. సోమవారం పెట్టె మోయడానికి భుజం కూడా ఇచ్చాడు.

"అక్కా, ఈ మాట ఇక్కడే మర్చిపో. నువ్వు పోతే దీన్ని నడిపేదెవరు? డేటాబేస్‌కు జోడీ పెట్టించినవ్. నీకు జోడీ లేదు. ఆ పిల్ల లెక్కటోళ్ళు, రేపు యాడ్ ఇస్తే లైన్ కడ్తరు. అర్థం చేసుకో."

లిదియా అర్థం చేసుకుంది. జోడీ ఉన్నదాన్ని పారేయవచ్చు, జోడీ లేనిదాన్ని కాపాడుకోవాలి. ఈ సూత్రం తనే అతనికి బోర్డు మీద గీసి చెప్పింది. బాగా నేర్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, తండ్రి మంచం నిలబెట్టిన గోడ పక్కన, ఆమె లాప్‌టాప్ తెరిచింది.

"నీ కోడ్ చెప్పు," అంది తమ్ముడితో.

"ఏం చేస్తున్నవ్?"

"నా పేరు తీసి పూర్ణిమ పేరు పెడుతున్న."

వరప్రసాద్ తెరవంక చూసి, అక్కవంక చూశాడు. "లిస్టుల నువ్వే లేకపోతే నిన్ను ఉద్యోగంల ఉంచుతడా ఆయన?"

"నీ కోడ్ చెప్పురా."

అతను ఒక్కొక్క అంకే, చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు, నేలచూపులు చూస్తూ చెప్పాడు.

*

మర్నాడు శంకర్‌పల్లిలో పూర్ణిమ వాళ్ళింటి ముందు పాలకూర కుప్పగా పోసి ఉంది. తల్లి, కూతురు చెరోవైపు కూర్చొని కట్టలు కడుతున్నారు. ఆకు సర్ది, వేర్లు సమం చేసి, తడిపిన గడ్డిపోచతో ఒక చుట్టు చుట్టి మెలిపెట్టడం. లిదియాను చూసి పూర్ణిమ లేవబోయింది. లిదియా చెప్పులు విడిచి కుప్ప ఇవతల కూర్చుండిపోయింది.

"చాయ్ పెడుత బిడ్డా," అని తల్లి లోపలికి వెళ్ళింది.

"సార్‌కు ఎందుకు చెప్పలేదు? నేనే ఆగమన్న అని?"

పూర్ణిమ వేర్లకున్న మట్టి దులిపింది. "ఎట్ల చెప్తరక్కా గట్ల? తండ్రికి మట్టేస్తున్న మనిషి మీద చెప్తరా?"

"నిన్ను మళ్ళ తీసుకుంటరు. కీ నీ పేరు మీద పెట్టిన. వరప్రసాద్‌ది ఒకటి, నీది ఒకటి. నువ్వు లేకుంటే హైదరాబాద్ లేవదు."

"మరి మీది?"

"తీసేసుకున్న."

పూర్ణిమ చేతిలో కట్ట కింద పెట్టింది. ఆమె ముఖంలో లిదియా ఎదురుచూసినదేదీ రాలేదు.

"మళ్ళ ఇద్దరే గదక్కా. తప్పు జరిగిందే ఇద్దరితోని. మళ్ళ ఇద్దరినే పెట్టిన్రు." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఇది నాకిచ్చుడా? మీరు తప్పించుకునుడా?"

న్యాయం చేస్తున్నానని అనుకుంటూ లిదియా రెండు బస్సులు మారి వచ్చింది. ఇక ఎప్పుడూ ఆ చేయి ఎత్తవలసిన పని ఉండదన్న నిశ్చింత కూడా తనతో పాటు టికెట్ లేకుండా వచ్చిందని, ఈ పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

"మీరు చేయెత్తకపోయినా నేను ఆగేదాన్నే," అంది పూర్ణిమ. "లోపటికి వచ్చిన గాని నోరు రాలే. అందుకే చెప్తున్న, నేనొక్కదాన్నే ఐతే ఉత్తదే. మీది మళ్ళ పెట్టుండ్రి. మీ ఇంటివి రెండూ ఒక్క లెక్కనే. బయట ఇద్దరం కావాలె. నేను, చేవెళ్ళ ఆశక్క. నలుగురిల ఏ ఇద్దరున్నా లేవాలె. అప్పుడు ఒకింట్ల ఎవరన్న పోతే, ఆ ఇంటోళ్ళు ఆడనే ఉండొచ్చు."

"ఆశా ఒప్పుకుంటదా?"

"ఆమె ముంగటనే గద తాత ఊపిరాడక కొట్టుకున్నడు. ఒప్పుకోకేం చేస్తది? ఇంకోటి, పొద్దుపొద్దున ఎవరికెంత తీయాలెనో కాయితం మీద తీసి సెంటర్ గోడకు అతికియ్యాలె. సార్ పేపర్‌లెస్ అంటే అననీ."

రంజిత్ ఫోన్ అప్పుడే వచ్చింది. లిదియా స్పీకర్ పెట్టింది.

"అక్కా, ఏం చేసినవ్? లిస్టుల నీ పేరు లేదు, ఆ పిల్లది ఉన్నది?"

"జోడీ పెడుతున్న సార్."

"ఆమెను తీసేసినం గద!"

"తీసెయ్యుండ్రి సార్. ఆమె ఫోన్‌ల వచ్చే కోడ్ కూడా ఆమెతోనే పోతది, అంతే."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"సరే, రమ్మను," అన్నాడు చివరికి. "మరి ఇప్పుడు నీకు గూడ జోడీ వచ్చింది గదక్కా." కోపంగా అనలేదు. ఆమె బోర్డు మీద చెప్పిన పాఠమే ఆమెకు అప్పజెప్పాడు. ఫోన్ పెట్టేశాడు.

చాయ్ తాగి, వరప్రసాద్‌కు ఫోన్ చేసి, అతని కోడ్, పూర్ణిమ కోడ్ వేసి లిదియా పేరు మళ్ళీ ఎక్కించారు. ఆశా పేరు కూడా. ఆశాకు కూడా ఫోన్ చేశారు. సరేనని, వెనక పేషెంట్లున్నారని పెట్టేసింది.

ఇక పని లేదు. లిదియా వెళ్ళడానికి లేవలేదు. కుప్పలోంచి ఆకు తీసుకొని వేర్లు సమం చేసింది.

"ఆ రోజు ఏడ్చిన్రా అక్కా?" అడిగింది పూర్ణిమ, తల ఎత్తకుండా. "నాకు దూరం నుంచి కనబడలే."

"లేదు."

గడ్డిపోచ చుట్టింది. జారిపోయింది. మళ్ళీ చుట్టింది.

"నువ్వు కనబడ్డంక నేను బాపు దగ్గర లేను పూర్ణిమా. మట్టేసిన గాని, ఎప్పుడు అయిపోతదా, సంచి ఎవరి దగ్గరున్నది, కోడ్ ఎంతసేపట్ల వస్తది, ఇదే. పెట్టె ముఖం గూడ చూడలే. మారయ్య టైము తీసుకున్న. తీసుకొని బాపుకు గూడ ఇయ్యలే."

ఓదార్చడం పూర్ణిమకు మొదటినుంచీ చేతకాదు. చేయి చాచి, లిదియా ఒళ్ళో ఉన్న ఫోను తీసుకొని తన ఫోను పక్కన పెట్టుకుంది.

"నా దగ్గర ఉండనీయుండ్రి," అంది. "మోగితే నేను చూస్త."

లిదియా తలాడించింది. చేతిలో కట్ట సగం కట్టి ఉంది. మెలి వేయబోయింది, వేళ్ళు ఒకదానికొకటి అందలేదు. "బాపూ" అని, పాలకూర మీదికి వంగిపోయింది.

పూర్ణిమ తల్లి గడప దాకా వచ్చి, చూసి, తలుపు దగ్గరగా వేసింది.